ఒకే కుండలో కరిగిన సీసం, రెండు రకాల గుండ్లు: తప్పు ఎక్కడ జరుగుతుంది?

పోయిన నెల మా చిన్నాయన సూళ్ళూరుపేట నుంచి తిరుపతి వచ్చాడు. కాఫీ తాగి, సంచిలోంచి పాత హార్లిక్స్ సీసా తీసి, కింద పేపరు పరిచి దాని మీద కుమ్మరించాడు. విసురు వల అంచుకు కట్టే గుండ్లు, గాలం దారానికి పెట్టుకునే చిన్న గుళ్ళు. పాత సామాన్ల అంగడిలో కేజీల లెక్కన సీసం కొని, ఇంటి వెనక పొయ్యి పెట్టి కరిగించి తనే పోశాడట. కొన్ని గుండ్లు నున్నగా, అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేలా ఉన్నాయి. కొన్ని ఎండిన నిమ్మకాయల్లా ముడతలు పడ్డాయి. చిన్న గుళ్ళలో సగానికి తోకలున్నాయి, అచ్చం కప్పపిల్లల్లా.

“ఒకే కుండలో కరిగించినా అబ్బోడా. ఒకే అచ్చులో పోసినా. సగం ఇట్ల, సగం అట్ల ఎందుకొచ్చినాయి? వల విసిరితే ఒక పక్క ముందే మునగతాది, ఇంకో పక్క తేలతా ఉంటాది” అన్నాడు.

గుండు వంకరగా వస్తే పోసినవాడి చెయ్యి సరిగా తిరగలేదని అనుకుంటాం. చిన్నాయన కూడా అదే అనుకుని రెండోసారి, మూడోసారి కరిగించి చూశాడు. ప్రతిసారీ మంట పెంచాడు. ఇంకా చెడింది. ఆ సీసా ముందు పెట్టుకుని ఒక వారం తల గోక్కున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, చేతి తప్పు తక్కువ, కుండలో పడిన సరుకు తప్పు ఎక్కువ. అది ఎలాగో చూడాలంటే ముందు పేర్ల గందరగోళం తేల్చుకోవాలి.

సీసం, తగరం, తుత్తునాగం: మూడూ తెల్లగానే ఉంటాయి

అంగడిలో ‘సీసం’ అని అమ్మేదంతా సీసం కాదు. బూడిద తెలుపులో, మెత్తగా, తేలిగ్గా కరిగే ప్రతి లోహానికీ జనం ఆ పేరే పెట్టేస్తారు. కానీ ఇందులో కనీసం మూడు వేరువేరు లోహాలున్నాయి.

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక ఘనపు సెంటీమీటరు ముక్క 11.34 గ్రాములు తూగుతుంది. తగరం, అంటే ఇత్తడి పాత్రలకు కళాయి పూసే లోహం, 232 డిగ్రీలకే కరుగుతుంది, 7.3 గ్రాములు తూగుతుంది. తుత్తునాగం అంటే జింకు. దానికి దాదాపు 420 డిగ్రీలు కావాలి, బరువు 7.14 గ్రాములు. ఈ మూడు అంకెలు గుర్తుంటే మిగతా కథంతా వాటి చుట్టే తిరుగుతుంది.

చిత్తూరు వైపు తమిళం కలిసిన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. అక్కడ ‘ఈయం’ అంటారు. తమిళంలో కారీయం అంటే సీసం, వెళ్ళీయం అంటే తగరం, కానీ మాటల్లో రెంటికీ ఈయమే. రసం కాచే ఈయ చెంబు తగరంతో చేసేది. ‘ఈయం అంటే సీసమే కదా’ అని దాన్ని అటక మీద పడేసినవాళ్ళనూ చూశాను, ‘మా అవ్వ ఈయ చెంబులోనే రసం కాచింది, మాకేమైంది’ అని సీసాన్ని చేత్తో పిసికేవాళ్ళనూ చూశాను. ఇద్దరిదీ ఒకే పొరపాటు. పెన్సిల్‌లో ఉండేది కూడా సీసం కాదు, గ్రాఫైట్. ఇక సీస పద్యం సంగతి తెలుగు మాస్టర్లకు వదిలేద్దాం.

నాలుగో పేరు ఆంటిమొని. ఇది విడిగా మన కంటపడదు, సీసంలో కలిసి వస్తుంది. కొద్దిగా కలిస్తే సీసం గట్టిపడుతుంది. గోటితో గీస్తే గీత పడేది స్వచ్ఛమైన సీసం. గీత సరిగా పడకపోతే అందులో ఇంకేదో ఉంది.

అంగడి కుప్పలో ఏమేం ఉంటాయి

చిన్నాయన కొన్న కుప్పలో ఎక్కువ భాగం టైర్ల అంగళ్ళ నుంచి వచ్చిన వీల్ బ్యాలెన్సింగ్ ముక్కలు. కారు చక్రం రిమ్ముకు క్లిప్పుతో తగిలించే చిన్న బరువులు. ఇవి ఒకప్పుడు దాదాపు అన్నీ సీసమే, నూటికి మూడు నాలుగు పాళ్ళు ఆంటిమొనితో. 2005లో యూరప్ కొత్త కార్లకు సీసం ముక్కలు వద్దంది. అప్పటి నుంచి ప్రపంచమంతా జింకువీ ఇనుమువీ పెరిగాయి. ఇప్పుడు టైర్ల అంగడి డబ్బాలో మూడూ కలిసే ఉంటాయి. కొన్నిటి మీద అచ్చు గుర్తు ఉంటుంది: సీసానికి పీ, బీ అక్షరాలు, జింకుకు జెడ్, ఎన్, ఇనుముకు ఎఫ్, ఈ. పాతవాటి మీద మకిలి పట్టి ఏదీ కనిపించదు.

మిగతావి చూస్తే, పాత కేబుళ్ళ పైతొడుగు, ఎక్స్‌రే గదుల గోడలకు కొట్టే రేకు దాదాపు స్వచ్ఛమైన సీసం. టంకం వైరులో తగరం, సీసం కలిసి ఉంటాయి. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం ఉన్న టంకం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. రెండు లోహాలు కలిస్తే విడివిడిగా కరిగే వేడి కన్నా తక్కువకే కరగడం వింతగా అనిపిస్తుంది గానీ, లోహాల మిశ్రమాల్లో ఇది మామూలే.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది అచ్చు అక్షరాలు. శుభలేఖలు, కరపత్రాలు చేత్తో కంపోజ్ చేసి అచ్చేసిన పాత ప్రెస్సులు మూతపడ్డాక ఆ అక్షరాలను కేజీల లెక్కన అమ్మేశారు. సీసం, ఆంటిమొని, తగరం కలిపిన లోహం అది. అచ్చు అక్షరాల వరుసలు పోసే లైనోటైప్ యంత్రాలకు వాడింది దాదాపు 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొని, 4 తగరం. ఆంటిమొని ఎందుకంటే, సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది, ఆంటిమొని ఆ కుంచింపును తగ్గిస్తుంది. అందుకే ‘శ్రీరస్తు’లో రావత్తు కూడా పదునుగా వచ్చేది. గుండ్లు పోసేవాళ్ళకు అదే లోహం అచ్చును బాగా నింపుతుంది, కానీ పెళుసు. సుత్తితో కొడితే సాగదు, విరుగుతుంది.

పాత బ్యాటరీ సంగతి వేరే

కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి తిరుపతిలో బ్యాటరీలో సీసం ఉంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. దాంతో, పాత బ్యాటరీ పగలగొడితే ఊరికే సీసం దొరుకుతుందన్న ఆశ పుడుతుంది. లెక్క చూస్తే ఆశ నిలవదు. పలకల్లో జల్లెడలాంటి చట్రం మాత్రమే లోహం. దాని మీద పట్టించిన ముద్ద సీసపు ఆక్సైడు, సల్ఫేటు. ఇవి ఇంటి పొయ్యి మీద కరగవు. ఆక్సైడుకే దాదాపు 890 డిగ్రీలు కావాలి. కుండలో బూడిద, పొగ, కాస్త సీసం మిగులుతాయి.

అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటి. చట్రాల్లో కొన్నిటికి కాల్షియం, కొన్నిటికి ఆంటిమొని, ఆర్సెనిక్ కలుపుతారు. రెండు రకాలూ ఒకే కుండలో కరిగితే పైన తేలే తెట్టులో అవన్నీ చేరతాయి. ఆ తెట్టు తర్వాత తడిస్తే స్టిబీన్, ఆర్సీన్ అనే వాయువులు పుట్టవచ్చు. రెండూ ప్రాణం తీసేవే. కరిగించిన రోజు ఏమీ కాకపోయినా, తెట్టు పారేసిన చోట వాన పడిన రోజు ప్రమాదం. చట్టం కూడా దీన్ని వేరుగానే చూస్తుంది. 2001 నాటి బ్యాటరీ నిబంధనల స్థానంలో 2022 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీలు చేరాల్సింది నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకే.

కుండ సంగటి అయ్యేది ఎప్పుడు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. చిన్నాయన మాటల్లో: “నీళ్ళ మాదిరి కరిగినాది, కాసేపటికి సంగటి అయిపోయినాది. గరిటెకి అంటుకుంటా ఉంది. మంట పెంచితే మళ్ళీ పల్చనైంది.”

ఈ ఒక్క మాటలో జబ్బు పేరు ఉంది. అది జింకు.

వీల్ ముక్కల కుప్ప కుండలో పోసి వేడి చేస్తున్నారనుకోండి. 327 డిగ్రీలు దాటేలోపే సీసం ముక్కలు కరుగుతాయి, ఎందుకంటే ఆంటిమొని ఉన్న సీసం ఇంకా ముందే మెత్తబడుతుంది. 350 దగ్గర జింకు ముక్కలు కరగవు. సీసం కన్నా తేలిక కాబట్టి పైకి తేలుతాయి, ఇనుప క్లిప్పులతో పాటు. ఆ దశలో తేలినవన్నీ తీసి పారేస్తే కథ అక్కడే ముగుస్తుంది. కానీ పొయ్యి మంటకు కొలత లేదు. ‘ఇంకా కరగని ముక్కలున్నాయి’ అని మంట పెంచితే 420 దాటుతుంది. అప్పుడు జింకు కూడా కరుగుతుంది. కరగని ముక్కలు మాయమయ్యాయని సంతోషపడే ఆ క్షణమే కుండ చెడిన క్షణం.

కరిగిన జింకు సీసంలో పాలలో నీళ్ళలా కలవదు. నీళ్ళలో నూనెలా ఉంటుంది. ఆ వేడి దగ్గర సీసం తనలోకి తీసుకోగలిగే జింకు మహా అయితే నూటికి రెండు పాళ్ళు. మిగతాది పైన వేరే పొరగా తేలుతుంది. వేడి కాస్త తగ్గిందంటే సీసంలో కలిసిన ఆ కొంచెం జింకు కూడా సన్నని పలుకులుగా బయటపడుతుంది. రవ్వలా తేలే ఆ పలుకులతో కుండంతా ముద్దకడుతుంది. చిన్నాయన చెప్పిన సంగటి అదే.

ఇదే గుణాన్ని పరిశ్రమ తెలివిగా వాడుకుంది. 1850ల్లో అలెగ్జాండర్ పార్క్స్ అనే ఇంగ్లండు మనిషి పేటెంటు తీసుకున్న పద్ధతిలో, సీసంలో ఉన్న వెండిని బయటికి లాగడానికి కావాలనే జింకు కలుపుతారు. వెండికి సీసం కన్నా జింకంటే ఇష్టం. జింకు వెండిని పట్టుకుని పైకి తేలుతుంది, తెట్టులా తీసేస్తారు. తర్వాత సీసంలో మిగిలిన జింకును తీయడానికి మాత్రం ఫ్యాక్టరీల్లో శూన్యంలో ఆవిరి చేయడంలాంటి పద్ధతులు కావాలి. దాన్ని ఒక మైనం ముక్కతో ఇంటి పొయ్యి మీద చేయగలమా?

మైనం గురించి రెండు మాటలు

మైనం ముక్క, రంపపు పొట్టు, వాడేసిన నూనె, ఏదో ఒకటి వేసి కలిపితే ‘మలినాలు పోతాయి’ అని గుండ్లు పోసేవాళ్ళంతా చెబుతారు. వాళ్ళు చెప్పేది తప్పు కాదు, సగం. మైనం కాలినప్పుడు దానిలోని కార్బన్ సీసపు ఆక్సైడు నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది, ఆక్సైడు తిరిగి సీసం అవుతుంది. తెట్టు తగ్గి, సీసం మిగులుతుంది. తగరం విషయంలోనూ అంతే. మట్టి, ఇనుప తుప్పు పైకి చేరి తీయడానికి వీలవుతుంది.

జింకు మాత్రం పోదు. జింకు ఆక్సైడును వెనక్కి లాగాలంటే ఇంకా చాలా ఎక్కువ వేడి కావాలి, లోహంగా కరిగిన జింకును మైనం ముట్టనే ముట్టదు. గంధకం వేస్తే జింకు పోతుందనేవాళ్ళూ ఉన్నారు. కొంతవరకు నిజమే, దానికి బదులుగా వచ్చేది ముక్కు పగిలే గంధకపు పొగ. ‘మా నాయన మైనమే వేసేవాడు, గుండ్లు అద్దంలా వచ్చేవి’ అని చిన్నాయన వాదన. మా తాత కాలంలో అంగడి కుప్పలో జింకే లేదు కదా!

త్రాసు చెప్పేది

పేపరు మీద పరిచిన గుండ్లను చేత్తో ఏరాం. నున్నటివి ఒక కుప్ప, ముడతలవి ఒక కుప్ప. కింద రాతి బండ మీద వదిలి చూశాం. నున్నవి ‘దబ్’ మన్నాయి, ముడతలవి ‘టింగ్’ మన్నాయి. సీసం శబ్దాన్ని మింగేస్తుంది, జింకు మోగుతుంది. సగం జవాబు అక్కడే దొరికింది, అయినా అంకెలు కావాలనిపించింది. మాకు తెలిసిన నగల అంగడిలో త్రాసు అడిగి తూచాం.

లెక్క ఇలా వేశాం. చిన్నాయన అచ్చులో గుండు అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు. తాడు దూరే బొక్క తర్వాత తొలుస్తాడు, కాబట్టి నిండు గోళమే. దాని పరిమాణం 0.524 ఘనపు సెంటీమీటర్లు. స్వచ్ఛమైన సీసమైతే ఒక్కొక్కటి 5.94 గ్రాములు, పది గుండ్లు 59.4 గ్రాములు. నాలుగు పాళ్ళు ఆంటిమొని ఉంటే పది గుండ్లు 57.8. జింకైతే 37.4.

నున్నటివి పది వేస్తే త్రాసు 57 పైన చూపించింది. ముడతలవి పది వేస్తే 38 దగ్గర ఆగింది.

అంటే ముడతల గుండ్లు చెడిన సీసం కాదు. అవి దాదాపు జింకు! ఒకే కుండలోంచి రెండు లోహాలు ఎలా వచ్చాయో ఇప్పుడు కనిపిస్తుంది. నూనె, నీళ్ళ లెక్కన పైపొర జింకు, అడుగున సీసం. “ముందు పోసినవి ఏవి?” అని అడిగితే చిన్నాయన ఆలోచించకుండానే ముడతల కుప్ప చూపించాడు. గరిటె మొదట ముంచేది పైపొరలోనే కదా. ముడతలకు కూడా కారణం అదే. సీసానికి సరిపోయేంత వేడి చేసిన అచ్చులో 420 దగ్గరే గడ్డకట్టే జింకు పోస్తే, నిండక ముందే పొర కడుతుంది.

వల సంగతి కూడా తేలింది. నీళ్ళలో మునిగిన వస్తువు, అది పక్కకు నెట్టిన నీటి బరువంత తేలికవుతుంది. 10 మిల్లీమీటర్ల గుండు నెట్టే నీరు 0.52 గ్రాములు. సీసం గుండు నీళ్ళలో దాదాపు 5.4 గ్రాములతో లాగుతుంది, జింకు గుండు 3.2తో. వల చుట్టూ గుండ్లు కలిపి కట్టేసరికి, సీసం ఎక్కువ పడిన పక్క ముందు మునిగింది.

త్రాసు లేకపోయినా తేడా పట్టే దారులున్నాయి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చుక్క జింకు మీద వేస్తే బుసబుస పొంగుతుంది, సీసం మీద అలా పొంగదు. కానీ ఈ పరీక్ష ఒక ముక్క గురించే చెబుతుంది. కుప్పలో మిగతా నూటి గురించి చెప్పదు. చిన్నాయనకు ఈ ముక్క నచ్చలేదు. ఆయనకు ఒక్క చుక్కతో తేలిపోవాలి.

సీసమే అయినా వచ్చే లోపాలు

నున్నటి కుప్పలోనూ రెండు గుండ్లు తేలికగా ఉన్నాయి. ఒకటి 5.2 గ్రాములే. మోగలేదు కాబట్టి జింకు కాదు. చాకుతో రెండుగా కోస్తే లోపల డొల్ల. ఒక పక్క గోడ సన్నగా, పగిలిన పుచ్చగింజలా ఉంది.

దీనికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది కుంచింపు. ద్రవం నుంచి గట్టిపడేటప్పుడు సీసం దాదాపు 3.5 శాతం తగ్గుతుంది. వినడానికి ఎంతో కాదు. కానీ పైపొర ముందు గట్టిపడి, ఆ లోటంతా నడుమ ఒకే బుడగగా చేరితే దాని అడ్డుకొలత 3.3 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల గుండులో మూడు మిల్లీమీటర్ల డొల్ల! మంచి అచ్చుల్లో పోత రంధ్రం పైన కాస్త ఎక్కువ లోహం నిలిచేలా గిన్నెలాంటి గుంత ఉండేది ఇందుకే. గుండు కుంచించుకునే కొద్దీ పైనుంచి ద్రవం దిగి నింపుతుంది. ఆ గుంత ముందే గడ్డకడితే గుండుకు మేత అందదు.

అయితే ఆ 5.2 గ్రాముల గుండులో లోటు దాదాపు 10 శాతం. కుంచింపు ఒక్కటే అంత చేయదు. అచ్చులోని గాలి బయటికి పోయే దారి లేక లోపలే చిక్కింది. అచ్చు రెండు చెక్కల మధ్య గాలి పోయే సన్నని గీతలు మసితో పూడిపోతే ఇలా అవుతుంది.

మిగతా లోపాలు త్వరగా చెప్పుకోవచ్చు. అచ్చు చల్లగా ఉంటే ముడత, మరీ వేడిగా ఉంటే గుండు మీద మంచు పట్టినట్టు గరుకు. తగరం కాస్త ఉంటే సీసం అచ్చు మూలలదాకా బాగా పాకుతుంది. తడి ఉంటే మాత్రం అది లోపం కాదు, ప్రమాదం. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. క్లిప్పు సందులో దాగిన ఒక్క నీటి చుక్క కరిగిన సీసం కిందికి చేరితే చిన్న టీ గ్లాసుడు ఆవిరి ఒక్కసారిగా పుడుతుంది, పైనున్న సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. చిన్నాయన మోచేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ అలా వచ్చిందే. అడిగితే ‘దోసె పెనం తగిలినాది’ అంటాడు.

తోకలు ఎక్కడి నుంచి వచ్చాయి

చిన్న గుళ్ళ కథ వేరు. వీటికి అచ్చు లేదు. డబ్బాకు సన్నని బొక్క కొట్టి, బక్కెట్టు నీళ్ళలోకి చుక్కలు చుక్కలుగా పోశాడు. చుక్క గుండ్రంగా ఎందుకు అవ్వాలి? తలతన్యత వల్ల. తామరాకు మీద నీటి బొట్టును గుండ్రం చేసే శక్తే ఇది. కరిగిన సీసానికి నీటి కన్నా ఆరు రెట్లు ఎక్కువ. కాబట్టి సీసం చుక్కను దాని మానాన వదిలేస్తే గుండ్రంగా అవుతుంది. దాన్ని చెడగొట్టేవి రెండు: పైన కట్టే ఆక్సైడు పొర, నీళ్ళను తాకే దెబ్బ.

ఇంగ్లండులో బ్రిస్టల్ నగరపు విలియం వాట్స్ అనే ప్లంబరు 1782లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఎత్తు నుంచి జల్లెడ ద్వారా సీసం వదిలితే, దారిలో గుండ్రమై, పైపొర గట్టిపడి, కింద నీళ్ళలో పడేసరికి ఆకారం చెడదు. అందుకోసం తన ఇంటి మీదే గోపురం లేపాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో సీసపు గుళ్ళ గోపురాలు లేచాయి. వాళ్ళు సీసంలో ఒక శాతం లోపు ఆర్సెనిక్ కలిపేవారు. అది తలతన్యత పెంచుతుందని కొందరు, పైన కట్టే ఆక్సైడు పొరను తీగలా సాగనివ్వదని కొందరు వివరిస్తారు. ఏదైతేనేం, ఆర్సెనిక్ లేని మెత్తటి సీసం తోక విడవడానికి మొరాయిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో గోపురం అవసరం లేని పద్ధతి వచ్చింది. బ్లీమైస్టర్ పద్ధతి అంటారు. ఎత్తు పెంచే బదులు దాదాపు లేకుండా చేయడం దీని కిటుకు. చుక్క అంగుళం పడి వేడి నీళ్ళలోకి జారి, ఏటవాలు పలక మీద దొర్లుతూ గుండ్రమై గట్టిపడుతుంది.

ఇప్పుడు మూడు ఎత్తులు పక్కపక్కన పెట్టి చూద్దాం, గాలి అడ్డును లెక్కించకుండా. 50 మీటర్ల గోపురం నుంచి పడటానికి 3.2 సెకన్లు. ఆ వ్యవధి చిన్న గుండు పైపొర గట్టిపడటానికి ఉపయోగపడుతుంది. అంగుళం ఎత్తు నుంచి 0.07 సెకను, నీళ్ళను తాకే వేగం సెకనుకు 0.7 మీటర్లు. చుక్క ద్రవంగానే ఉంటుంది కానీ దెబ్బ నెమ్మది. చిన్నాయన నడుం ఎత్తు నుంచి, అంటే మీటరు నుంచి పోశాడు. 0.45 సెకను, వేగం 4.4 మీటర్లు. గట్టిపడేంత సమయమూ లేదు, దెబ్బ నెమ్మదిగానూ లేదు. అంగుళంతో పోలిస్తే ఎత్తు నలభై రెట్లు, తాకిడి శక్తీ నలభై రెట్లే. రెంటికీ చెడిన రేవడి అంటే ఇదే.

దాని మీద చన్నీళ్ళు. చల్లటి నీళ్ళు చుక్క మొదట తాకిన పక్కను వెంటనే బిగదీస్తాయి, మిగతా పక్క ఇంకా ద్రవమే, కుంచించుకుంటూ గుంత పడుతుంది. నీళ్ళు వేడిగా ఉంటే చుక్క చుట్టూ పల్చని ఆవిరి పొర కట్టి చల్లారడం నిదానిస్తుంది, గుండ్రమయ్యే సమయం దొరుకుతుంది. పోపు పెనం మీద నీటి చుక్కలు గోళీల్లా దొర్లేది కూడా ఆవిరి పొర మీదే.

ఈ గుళ్ళు గాలానికి కాక నాటు తుపాకీకి అయితే వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. మందుగుండు తయారీకి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి, వేటకు 1972 వన్యప్రాణి చట్టం అడ్డుంది. అడవిపందుల బాధ ఉన్న కొండ పల్లెల్లో ఈ తేడా తెలియక కేసుల్లో ఇరుక్కునేవాళ్ళున్నారు.

‘ఆవిరి రాదు కదా’ అనే వాదన

సీసం ప్రమాదమంటే చిన్నాయనలాంటివాళ్ళు చెప్పే జవాబు ఒకటుంది: సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర, మేం చేసేది నాలుగు వందలే, ఆవిరి ఎక్కడిది? ఇందులో నిజముంది. 400 దగ్గర సీసం ఆవిరి చాలా తక్కువ. 500 దాటితే పొగ లెక్కలోకి వస్తుంది, కొలత లేని కట్టెల పొయ్యి మీద అది దాటడం కష్టమేమీ కాదు.

అటువైపు వైద్యుల మాట: ఆవిరి కన్నా దుమ్ము పెద్ద చిక్కు. తెట్టు తీసి పారబోసేటప్పుడు లేచే పసుపు, బూడిద రంగు పొడి సీసపు ఆక్సైడే. అది చొక్కా మీద, గోళ్ళ సందుల్లో, వాకిట్లో మట్టిలో చేరుతుంది. చేత్తో అన్నం కలుపుకునే మనకు గోళ్ళ సందు చిన్న విషయం కాదు. నోట్లోకి వెళ్ళిన సీసాన్ని పిల్లల ఒళ్ళు పెద్దల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఇంత వరకు ప్రమాదం లేదు అనగల మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంది. అందులో 27 కోట్లకు పైగా మన దేశంలోనే. కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ వల గుండ్లు కావు. పెరట్లో కరిగించే బ్యాటరీలు ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఒకటి కుండ గురించి మాట్లాడుతోంది, ఇంకోటి చీపురు గురించి. నా మటుకు నాకు చీపురంటేనే భయం.

పక్షుల సంగతి కూడా ఉంది. ఫ్లెమింగోలు, బాతులు తిండి అరగడానికి చిన్న రాళ్ళు మింగుతాయి. బురదలో రాలిన సీసపు గుండు వాటికి రాయిలాగే కనిపిస్తుంది. హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసపు గాలం గుండ్ల అమ్మకం ఆపేసింది. నీటి పక్షుల వేటలో సీసపు గుళ్ళను అమెరికా 1991లో, చిత్తడి నేలల్లో యూరప్ 2023లో నిషేధించాయి. చిన్నాయన వల వేసేది పులికాట్ సరస్సు పక్క నీళ్ళలో. ఆ లెక్కన చూస్తే ఆయన పారేద్దామనుకున్న జింకు గుండు పక్షికి మేలా? అదీ కాదు. జింకు కూడా మింగితే పక్షికి విషమే. ఇనుప గుండు ఏ గొడవా లేనిది, కానీ ఉప్పునీళ్ళలో తుప్పు పడుతుంది, అదే బరువుకు పెద్దదిగా ఉండాలి, వల బరుసుగా విచ్చుకుంటుంది. జాలర్లు సీసాన్ని వదలకపోవడం మొండితనం కాదు, అంత చిన్న గుండులో అంత బరువు ఇంకే చవక లోహంలోనూ దొరకదు.

చిన్నాయన నున్నటి గుండ్లు మూటకట్టుకుని వెళ్ళాడు. మోగే గుండ్లు, తోక గుళ్ళు ఒక ప్లాస్టిక్ కవర్లో మా వరండాలోనే ఉన్నాయి. రెండు రోజులకు పిన్నమ్మ ఫోన్ చేసింది. “ఆ హార్లిక్స్ సీసా మరిచిపోయి వచ్చినాడంట మీ చిన్నాయన. కడిగి పంపించు నాయనా, దాంట్లో ఉప్పు పోసుకోవాల” అంది.

కొత్త సీసా కొని పంపించాను.